ఇంటికి ఏ సిమెంటు? 43, 53, పీపీసీల్లో మీ పనికి ఏది సరిపోతుంది

ఇల్లు మొదలుపెట్టగానే వచ్చే తర్జనభర్జనల్లో సిమెంటు ఒకటి. మేస్త్రి ఒకటి చెబుతాడు, ఇంజనీరు ఇంకోటి రాసిస్తాడు, చుట్టాల్లో ఎవరో ఒకరు "స్లాబుకి 53 గ్రేడు తప్ప ఇంకేదీ వాడొద్దు" అని గట్టిగా చెప్పి వెళ్తారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సొంతిల్లు కట్టుకునే చాలామందికి పునాది నుంచి ప్లాస్టరింగ్ దాకా మంచి పీపీసీ (ఫ్లై యాష్ కలిపిన పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంట్) ఒక్కటే సరిపోతుంది. 53 గ్రేడు కావాల్సిన సందర్భాలు ఉన్నాయి, కానీ మనం అనుకున్నన్ని లేవు. ఇక ఏ రకం కొన్నా, కలిపేటప్పుడు పోసే నీళ్ళ దగ్గర, ఆ తర్వాత క్యూరింగ్ దగ్గర, అంటే కాంక్రీటుకు తడి పట్టే దగ్గర అశ్రద్ధ చేస్తే బస్తా మీద ఎంత పెద్ద అంకె ఉన్నా ఉపయోగం లేదు.

ముందు ఆ అంకె సంగతి తేల్చుకుందాం.

43, 53 అంటే ఏమిటి

ఓపీసీ అంటే ఆర్డినరీ పోర్ట్‌లాండ్ సిమెంట్. సున్నపురాయి, మట్టి కలిపి సుమారు 1450 డిగ్రీల వేడిలో కాలిస్తే గట్టి ఉండలు వస్తాయి. వాటిని క్లింకర్ అంటారు. అందులో కొంచెం జిప్సం వేసి మెత్తగా పొడి చేస్తే ఓపీసీ. జిప్సం లేకపోతే నీళ్ళు తగలగానే సిమెంటు బిగుసుకుపోతుంది, పని చేసుకునే వ్యవధి ఉండదు.

గ్రేడు అంకె ల్యాబులో చేసే ఒక పరీక్ష నుంచి వచ్చింది. ఒక వంతు సిమెంటు, మూడు వంతుల ప్రామాణిక ఇసుక కలిపి 70.6 మిల్లీమీటర్ల చిన్న దిమ్మెలు పోస్తారు. వాటిని 28 రోజులు నీళ్ళలో ఉంచి, తర్వాత మిషన్‌లో పెట్టి నొక్కుతారు. చదరపు మిల్లీమీటరుకు కనీసం 43 న్యూటన్ల ఒత్తిడి తట్టుకుంటే 43 గ్రేడు, 53 తట్టుకుంటే 53 గ్రేడు. అంతవరకే దాని అర్థం. ఆ సిమెంటుతో మీ ఇంటి దగ్గర పోసే కాంక్రీటు కూడా 53 బలంతో ఉంటుందని కాదు. మామూలు ఇళ్ళ స్లాబులకు, పిల్లర్లకు డ్రాయింగులో సాధారణంగా కనిపించేది ఎం20 లేదా ఎం25. అంటే 28 రోజులకు 20 లేదా 25 న్యూటన్ల బలం. ఆ బలం 43 గ్రేడుతో వస్తుంది, పీపీసీతో కూడా వస్తుంది.

33 గ్రేడు కూడా ఉంది గానీ ఇప్పుడు మార్కెట్లో దాదాపుగా దొరకదు. ఒకప్పుడు ఈ మూడు గ్రేడులకూ వేర్వేరు ప్రమాణాలు ఉండేవి. 2015లో మూడింటినీ ఐఎస్ 269 అనే ఒకే భారతీయ ప్రమాణం కిందికి తెచ్చారు.

మరి 53లో నిజంగా ఎక్కువ ఉన్నదేమిటంటే, తొందర. మూడు రోజులకు 53 గ్రేడుకు కనీసం 27 న్యూటన్లు రావాలి, 43 గ్రేడుకు 23, పీపీసీకి 16. ఏడు రోజులకు వరుసగా 37, 33, 22. మొదటి వారంలో తేడా బాగా కనిపిస్తుంది. సెంట్రింగ్ త్వరగా ఊడదీసి పై అంతస్తుకు పోవాలనుకునే బిల్డర్లు 53 అడిగేది ఇందుకే. వాళ్ళ లెక్క వాళ్ళకు సరైనదే. సెంట్రింగ్ సామాను ఒక రోజు ముందు ఖాళీ అయితే వాళ్ళకు అది లాభం. ఒకే ఇల్లు కట్టుకునే మనకు ఆ తొందర ఎంత అవసరమో మనమే చూసుకోవాలి.

ఆ తొందరతో పాటు వేడి కూడా వస్తుంది. సిమెంటు నీళ్ళతో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. 53 గ్రేడులో ఆ వేడి తొందరగా, ఎక్కువగా పుడుతుంది. ఎండాకాలంలో మధ్యాహ్నం పూట స్లాబు పోసి, తడి సరిగా పట్టకపోతే పైన సన్నని నెర్రెలు వస్తాయి. "53 వాడినా ఎందుకు పగిలింది" అని చాలామంది అడుగుతారు. చాలాసార్లు 53 వాడి, క్యూరింగ్ తగ్గించినందుకే పగిలి ఉంటుంది.

పీపీసీ బూడిద కలిపిన కల్తీ కాదు

పీపీసీ మీద ఉన్న పెద్ద అనుమానం ఇదే. "బొగ్గు బూడిద కలుపుతారట, అదేం బలం?" అంటారు. అనుమానం అర్థం చేసుకోదగ్గదే, కానీ అందులో నిజం లేదు. ఇది కాస్త విడమర్చి చెప్పాలి.

ఓపీసీ నీళ్ళతో కలిసినప్పుడు రెండు పదార్థాలు తయారవుతాయి. ఒకటి కాంక్రీటుకు బలాన్నిచ్చే జిగురు. రెండోది సున్నం. ఈ సున్నం వల్ల బలానికి పెద్దగా ఉపయోగం లేదు. పైగా నీళ్ళు ఊరినప్పుడు అది కరిగి బయటికి వస్తుంది. గోడల మీద, స్లాబు అడుగున తెల్లటి చారలుగా కనిపించేవాటిలో చాలావరకు అదే.

థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు కాలాక వచ్చే మెత్తటి బూడిదను ఫ్లై యాష్ అంటారు. అందులో సిలికా ఎక్కువ. ఆ సిలికా, ఓపీసీ వదిలిన సున్నంతో తడి సమక్షంలో కలిసి మళ్ళీ అదే జిగురు తయారు చేస్తుంది. పనికిరాకుండా పోయే సున్నం బలంగా మారుతుంది. కాంక్రీటులోని సన్నని రంధ్రాలు పూడుకుపోతాయి. అందుకే పీపీసీ కాంక్రీటులోకి నీళ్ళు, ఉప్పు అంత తేలిగ్గా దిగవు. లోపలి ఇనుముకు తుప్పు ఆలస్యమవుతుంది. వేడి కూడా నిదానంగా పుడుతుంది.

ఇదంతా జరగడానికి టైమ్ కావాలి, తడి కావాలి. పీపీసీ మొదటి వారంలో వెనకబడి, నెల దాటాక కూడా బలం పుంజుకుంటూనే ఉండడానికి కారణం అదే. ఐఎస్ 1489 ప్రకారం ఫ్లై యాష్ 15 నుంచి 35 శాతం మధ్య ఉండాలి, 28 రోజులకు కనీసం 33 న్యూటన్ల బలం రావాలి. ఆ 33 చూసి కొందరు "53 కంటే ఇంత తక్కువా" అని వెనకాడతారు. అది దాటి తీరాల్సిన కనీస గీత మాత్రమే. పేరున్న కంపెనీల పీపీసీ సాధారణంగా దానికంటే పైనే ఉంటుంది.

ఇంకో సంగతి. పీపీసీని ఓపీసీ కంటే మెత్తగా పొడి చేస్తారు. మాలు మెత్తగా కలుస్తుంది, తాపీ కింద సాఫీగా జారుతుంది. ప్లాస్టరింగ్ చేసే మేస్త్రిని అడిగితే పీపీసీయే బాగుంటుందని చెప్పేది ఇందుకే. ఫినిషింగ్ బాగా వస్తుంది, వలలా వచ్చే సన్నని పగుళ్ళు తక్కువ.

అయితే మీ దగ్గర పని ఎవరు చూస్తున్నారో, తడి పట్టే ఏర్పాటు ఎలా ఉందో చూసుకోకుండా పీపీసీ కొనొద్దు. నాలుగు రోజులకే సెంట్రింగ్ లాగేసి, వారం కూడా నీళ్ళు పట్టని చోట పీపీసీకి అన్యాయం జరుగుతుంది. అలాంటి చోట ఏ సిమెంటుకైనా అన్యాయమే, పీపీసీకి ఇంకాస్త ఎక్కువ.

మిగతా రకాలు

పీఎస్‌సీ అంటే స్లాగ్ సిమెంటు. ఉక్కు కర్మాగారాల బ్లాస్ట్ ఫర్నేస్‌లో వచ్చే స్లాగ్‌ను 25 నుంచి 70 శాతం దాకా కలుపుతారు. స్వభావంలో పీపీసీకి దగ్గరగా ఉంటుంది: నిదానంగా గట్టిపడుతుంది, వేడి తక్కువ, ఉప్పును బాగా తట్టుకుంటుంది. సముద్రానికి దగ్గరలో ఇల్లు కడుతున్నా, నేలలో ఉప్పునీరు ఊరుతున్నా పునాదులకు నేనైతే దీన్నే ముందు చూస్తాను. దొరక్కపోతే పీపీసీ.

కాంపోజిట్ సిమెంటులో ఫ్లై యాష్, స్లాగ్ రెండూ ఉంటాయి. క్లింకర్ 35 నుంచి 65 శాతమే. దీనికి ఐఎస్ 16415 ప్రమాణం 2015లో వచ్చింది. గోడలకు, ప్లాస్టరింగ్‌కు ఇబ్బంది లేదు. స్లాబులకు, పిల్లర్లకు వాడాలనుకుంటే డిజైన్ చేసిన ఇంజనీరుతో ఒక మాట అనుకోండి. కొత్త పేర్లతో, మెరిసే బస్తాల్లో వచ్చే కొన్ని సిమెంట్లు నిజానికి ఈ కాంపోజిట్ రకమే. పేరు చూసి ఏ రకమో తెలియదు, బస్తా మీద చిన్న అక్షరాల్లో ఐఎస్ నంబరు ఉంటుంది, అది చూడాలి.

సల్ఫేట్‌ను తట్టుకునే సిమెంటు వేరే ఉంది. మట్టి పరీక్షలో సల్ఫేట్లు ఎక్కువని తేలితేనే దాని అవసరం. కొందరు సముద్రతీరంలో కూడా అదే మంచిదనుకుంటారు. అక్కడ ఇనుముకు అసలు ముప్పు క్లోరైడ్ నుంచి. దాన్ని పట్టి ఉంచే పదార్థం ఈ సిమెంటులో తక్కువ. కాబట్టి తీరంలో స్లాగ్ సిమెంటో, పీపీసీయో మేలు. తెల్ల సిమెంటు టైల్స్ సందులకు, పెయింట్ కింద పుట్టీ పనులకు మాత్రమే.

పనిని బట్టి ఎంపిక

పునాదులు, ఫుటింగులు నేలలో తేమ మధ్య ఉంటాయి. వాటి మీద బరువు నెలల తరబడి మెల్లగా పెరుగుతుంది. అంటే బలం కోసం తొందర లేదు, మన్నిక ముఖ్యం. పీపీసీ, పీఎస్‌సీలకు ఇంతకంటే తగిన చోటు లేదు.

పిల్లర్లు, బీములు, స్లాబు దగ్గరే అసలు చర్చ. కాంక్రీటు పనులకు ప్రమాణమైన ఐఎస్ 456లో సెంట్రింగ్ ఎప్పుడు తీయాలో రాసి ఉంది. 4.5 మీటర్ల దాకా స్పాన్ (ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబుకు కింద ఆసరాగా నిలిపే పోటీలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు. బీములకు 6 మీటర్ల దాకా 14 రోజులు, ఆ పైన 21 రోజులు. ఈ లెక్క ఓపీసీకి, వాతావరణం 15 డిగ్రీలకు తగ్గనప్పుడు. పీపీసీ వాడితే గడువు పెంచాలి. ఎన్ని రోజులనేది మీ ఇంజనీరు చెప్పాలి, మేస్త్రి వీలును బట్టి కాదు. స్లాబు పోటీలు రెండు వారాల పైన ఉంచగలిగితే పీపీసీ నిశ్చింతగా వాడుకోవచ్చు. సెంట్రింగ్ అద్దె తడిసి మోపెడవుతుందనో, వాన ముందే పైకప్పు పడాలనో టెన్షన్ ఉంటే 43 గానీ 53 గానీ తీసుకోండి. రెండూ దొరికితే ఇంటి స్లాబుకు నా ఓటు 43కే. బలం సరిపోతుంది, వేడి తక్కువ. చాలా చోట్ల 43 దొరకదు కాబట్టి 53 తీసుకుంటారు. దానికి తప్పుపట్టాల్సిన పని లేదు, క్యూరింగ్ మాత్రం మొదటి రోజు నుంచే కచ్చితంగా ఉండాలి. 53 మంచిది కదా అని సిమెంటు తగ్గించి కలపడం మాత్రం వద్దు. ఇనుమున్న కాంక్రీటులో క్యూబిక్ మీటరుకు కనీసం 300 కిలోల సిమెంటు ఉండాలని ఐఎస్ 456 చెబుతుంది. అది కేవలం బలం కోసం కాదు, ఇనుము తుప్పు పట్టకుండా ఉండడానికి కూడా.

రెడీమిక్స్ తెప్పించుకునేవాళ్ళకు ఈ గొడవ చాలావరకు ఉండదు. ప్లాంటులో సాధారణంగా ఓపీసీ వాడి, ఫ్లై యాష్‌నో స్లాగ్‌నో వాళ్ళే లెక్క ప్రకారం కలుపుతారు. మీరు అడగాల్సింది కాంక్రీటు గ్రేడు, సిమెంటు ఎంత, సిమెంటుకు నీళ్ళ నిష్పత్తి ఎంత అని.

గోడ కట్టడానికి, ప్లాస్టరింగ్‌కు 53 వాడడం మాత్రం దండగ. ఇటుకల మధ్య మాలుకు అంత బలం అక్కర్లేదు. పైగా తొందరగా బిగుసుకునే, వేడెక్కే సిమెంటుతో పూసిన గోడ ఆరేటప్పుడు ముడుచుకుని పగుళ్ళు పడుతుంది. లోపలి గోడలకు ఒకటికి ఆరు, బయటి గోడలకు ఒకటికి నాలుగైదు, సీలింగుకు ఒకటికి మూడు నాలుగు పాళ్ళలో పీపీసీ మాలు చక్కగా నిలబడుతుంది. సిమెంటు ఎక్కువ వేస్తే ప్లాస్టరింగ్ గట్టిగా ఉంటుందనే నమ్మకం చాలామందికి ఉంది. ఎక్కువైతే పగుళ్ళు కూడా ఎక్కువే.

ఇక ఒకే ఇంట్లో రెండు రకాలు వాడొచ్చా? వాడొచ్చు. స్లాబుకు ఓపీసీ, గోడలకు పీపీసీ తెచ్చుకునేవాళ్ళు చాలామంది. కానీ ఒకే రోజు పోసే ఒక స్లాబులో సగం ఒక రకం, సగం ఇంకో రకం పోయొద్దు. బిగుసుకునే తీరు వేరు, రంగు వేరు. పని మధ్యలో బస్తాలు తక్కువై వేరే రకం పరుగున తెచ్చి పోసే పరిస్థితి రాకుండా ముందే లెక్క వేసుకోవాలి. ఎం20కి ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్ళలో కలిపితే క్యూబిక్ మీటరుకు సుమారు 8 బస్తాలు పడతాయి. 1000 చదరపు అడుగుల స్లాబు 5 అంగుళాల మందంతో పోస్తే, బీములు కాకుండానే దాదాపు 95 బస్తాలు. దాని మీద నాలుగైదు బస్తాలు చేతిలో ఉంచుకోండి. ఇల్లు మొత్తానికి తొలి అంచనాగా చదరపు అడుగుకు 0.4 బస్తా వేసుకోవడం ఇంజనీర్లకు అలవాటు. డిజైన్‌ను బట్టి అది అటూ ఇటూ అవుతుంది.

బస్తా చేతికొచ్చాక

లారీ దిగుతుండగానే ఒక బస్తా మీద ఏం రాసి ఉందో చదవండి. ఐఎస్ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొట్టి చూస్తే ఏ ఫ్యాక్టరీకి, ఏ రకం సిమెంటుకు ఇచ్చారో కనిపిస్తుంది. ఆ పక్కనే తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. ఉదాహరణకు వారం 14 అని ఉంటే ఏప్రిల్ మొదటి వారం ప్రాంతం. నెల రోజుల లోపుది అయితే చాలా మంచిది. మూడు నెలలు దాటితే పరీక్ష చేయించకుండా స్లాబుకు, పిల్లర్లకు వాడొద్దు. నిలవ ఉన్న సిమెంటు మూడు నెలలకు ఐదో వంతు దాకా బలం కోల్పోవచ్చు. గాలిలో తేమ ఎక్కువున్న చోట ఇంకా తొందరగా పోతుంది. రెండు నెలల కిందటి 53 కంటే వారం కిందటి 43 మేలని నేను ధైర్యంగా చెబుతాను.

ఫ్యాక్టరీలో బస్తాను మూలన ఉన్న చిన్న నోటి నుంచి మిషన్‌తో నింపుతారు. పైభాగం చేత్తో కుట్టినట్టు ఉన్నా, మూల చిరిగి అతికించినట్టు ఉన్నా ఆ బస్తా పక్కన పెట్టండి. ఒకటి రెండు బస్తాలు తూకం వేయండి, 50 కిలోలుండాలి.

బస్తా నొక్కితే గట్టిగా తగిలిందని కంగారు పడక్కర్లేదు. పదేసి బస్తాల కింద కొన్నాళ్ళు ఉన్న బస్తా ఒత్తిడికే బిగుస్తుంది. నేల మీద రెండు మూడు సార్లు దొర్లించండి. వదులైపోతే సిమెంటు బాగానే ఉంది. అలా దొర్లించినా ఉండలు మిగిలితే, విప్పి ఒక ఉండ తీసి బొటనవేలితో నలపండి. పొడిపొడిగా రాలితే చిన్న పనులకు జల్లించి వాడుకోవచ్చు. రాయిలా నలగకుండా ఉంటే అది తేమ తగిలి గట్టిపడిన సిమెంటు. జల్లెడ పట్టి మిగిలిన పొడి స్లాబులో వేద్దామనే ఆలోచన వద్దు, ఆ పొడిలో కూడా బలం తగ్గిపోయి ఉంటుంది.

మంచి సిమెంటులో చేయి పెడితే చల్లగా తగలాలి, వేళ్ళ మధ్య మెత్తగా జారాలి అంటారు. అది నిజమే. రంగు చూసి తేల్చడం మాత్రం కుదరదు. ఫ్లై యాష్‌ను బట్టి, సున్నపురాయిని బట్టి రంగు మారుతుంది. ముదురుగా ఉంటే బలమని, తెల్లగా ఉంటే కల్తీ అని అనుకోవద్దు.

నిలవ పెట్టేటప్పుడు బస్తాలు నేలకు తగలకూడదు. చెక్కల మీద అరడుగు ఎత్తున, గోడకు కనీసం అడుగున్నర ఎడంగా పేర్చి, పైన టార్పాలిన్ కప్పాలి. పది బస్తాల ఎత్తు మించొద్దు. ముందు వచ్చినవి ముందు వాడేలా పేర్చుకోవాలి. లేకపోతే అడుగున పడినవి అక్కడే పాతబడతాయి. మొత్తం ఇంటికి ఒకేసారి దింపుకోవడం కంటే రెండు మూడు వారాల పనికి సరిపడా తెచ్చుకోవడం మంచిది.

నీళ్ళ దగ్గరే బలం పోతుంది

సిమెంటు రకం గురించి పది రోజులు ఆలోచించి, నీళ్ళ గురించి పది నిమిషాలు కూడా ఆలోచించం. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

50 కిలోల బస్తాకు 25 నుంచి 27 లీటర్ల నీళ్ళు చాలు. సిమెంటు గట్టిపడడానికి నిజంగా కావాల్సింది అంతకంటే కూడా తక్కువ. మిగతాది కాంక్రీటు కదలడానికి. ఆ పైన పోసే ప్రతి లీటరూ తర్వాత ఆవిరైపోయి, వెనక సన్నని రంధ్రాలు వదిలిపోతుంది. బలం తగ్గేది, నీళ్ళు ఊరేది, ఇనుము తుప్పు పట్టేది ఆ రంధ్రాల వల్లే.

స్లాబు రోజు మిక్సర్ పక్కన కాసేపు నిలబడితే తెలుస్తుంది. పొద్దున కాంక్రీటు సరిగ్గానే వస్తుంది. ఎండ ఎక్కేకొద్దీ మాలు బిర్రుగా ఉందని, తట్టలోంచి జారట్లేదని పై నుంచి కేకలు మొదలవుతాయి. నీళ్ళు పోసేవాడు కొలత బకెట్ పక్కనపెట్టి, డ్రమ్ములోంచి డబ్బాతో అందాజాగా ఇంకో రెండుసార్లు పోస్తాడు. అంతే, కాంక్రీటు పల్చగా జారుతుంది, పని పరిగెడుతుంది. బస్తాకు పది లీటర్లు అలా ఎక్కువైతే నీళ్ళ నిష్పత్తి 0.5 నుంచి 0.7కి పోతుంది, బలంలో మూడో వంతు దాకా పోతుంది. మీరు 43 బదులు 53 కొని సంపాదించుకున్నది ఆ పది లీటర్లలోనే పోయింది.

ఇసుక తడిగా ఉంటే ఇంకో లెక్క కూడా ఉంది. ఎం20లో ఒక బస్తాకు సుమారు 80 కిలోల ఇసుక పడుతుంది. ఆ ఇసుకలో 5 శాతం తేమ ఉంటే, మీరు చుక్క పోయకముందే 4 లీటర్ల నీళ్ళు లోపలికి వచ్చేసినట్టే. వాన పడ్డ మర్నాడు అవి తగ్గించి పోయాలి. పైగా తడి ఇసుక పొంగి ఉంటుంది. తట్టలతో కొలిస్తే ఇసుక నిజానికి తక్కువ పడుతుంది.

కాంక్రీటు కదలట్లేదంటే దారులు వేరే ఉన్నాయి. నీళ్ళు తగ్గించినా జారేలా చేసే ప్లాస్టిసైజర్ అనే ద్రవం, డబ్బా మీద రాసిన మోతాదులో వేయొచ్చు. వైబ్రేటర్ సరిగా వాడితే బిర్రు కాంక్రీటు కూడా ఇనుము చుట్టూ చక్కగా సర్దుకుంటుంది. పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించడం అన్నిటికంటే తేలిక. నీళ్ళ దగ్గర మీ మనిషి ఒకరు కొలత బకెట్‌తో నిలబడాలి. వేరే పర్యవేక్షణ ఏమీ చేయలేకపోయినా ఇదొక్కటి చేయండి.

ఆ నీళ్ళు కూడా మంచివై ఉండాలి. ఇనుమున్న కాంక్రీటుకు వాడే నీటిలో లీటరుకు క్లోరైడ్ 500 మిల్లీగ్రాములకు మించకూడదని, పీహెచ్ 6కు తగ్గకూడదని ఐఎస్ 456లో ఉంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే పని మొదలుపెట్టకముందే పరీక్ష చేయించండి. క్యూరింగ్‌కు కూడా అవే నీళ్ళు వాడతారు కదా.

గోడ పనిలో కూడా ఇదే జాగ్రత్త. అరగంట, గంటలో అయిపోయేంత మాలే కలపాలి. భోజనానికి వెళ్ళొచ్చేసరికి బిగిసిన మాలులో మళ్ళీ నీళ్ళు చల్లి తిరగకలిపితే అది మెత్తబడుతుంది గానీ పట్టు రాదు. గచ్చు నున్నగా రావాలని తడి మీద పొడి సిమెంటు చల్లి రుద్దడం కూడా మానిపించండి. కొన్నాళ్ళకు ఆ పైపొర సన్నగా పగిలి, పెచ్చులుగా లేస్తుంది.

తడి ఎన్ని రోజులు

ఐఎస్ 456 ఓపీసీకి కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి మిశ్రమ సిమెంట్లకు కనీసం 10 రోజులు క్యూరింగ్ చేయాలంటుంది. ఎండ తీవ్రంగా ఉండి గాలి పొడిగా ఉంటే ఇవి 10, 14 రోజులు. నేనైతే ఇంటికి ఏ సిమెంటైనా 14 రోజులే లెక్క పెట్టుకోమంటాను. రకం గుర్తుపెట్టుకునే పని ఉండదు, ఎవరూ మూడు రోజులు తగ్గించి చెప్పే వీలూ ఉండదు.

తడి అంటే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపుతో కొట్టడం కాదు. మధ్యలో ఎండకు ఆరిపోతే బలం పెరగడం ఆగిపోతుంది. స్లాబు పోసిన రోజు, పైన నీటి మెరుపు పోయాక తడి గోనె సంచులు గానీ ప్లాస్టిక్ షీటు గానీ కప్పాలి. మొదటి కొన్ని గంటల్లో ఆరిపోయినప్పుడు వచ్చే నెర్రెలే ఎక్కువ. మర్నాడు చిన్న గట్లు కట్టి మడిలా నీళ్ళు నిలపాలి. స్లాబు పైన నీళ్ళు నిలుస్తాయి కాబట్టి అది ఎవరో ఒకరు చూస్తారు. నిర్లక్ష్యానికి గురయ్యేవి పిల్లర్లు. నిలువుగా ఉన్నవాటి మీద నీళ్ళు నిలవవు, రెండు గంటల్లో ఆరిపోతాయి. గోనె సంచులు చుట్టి, తాడు కట్టి, వాటిని తడుపుతూ ఉండాలి. ఇంటి బరువంతా మోసేవి అవే కాబట్టి స్లాబు కంటే పిల్లర్ల మీదే ఎక్కువ కన్నేయండి. ప్లాస్టరింగ్‌కు కనీసం వారం, ఎండ తగిలే గోడలకు రోజుకు మూడు నాలుగు సార్లు.

పని చేసేవాళ్ళ చేతుల గురించి కూడా ఒక మాట. తడి సిమెంటు బాగా క్షారం. గంటల తరబడి చర్మానికి తగిలితే ఒరిపిళ్ళు, పుళ్ళు పడతాయి, కళ్ళలో పడితే ఇంకా ప్రమాదం. రబ్బరు గ్లౌజులు, బూట్లు, చేతులు కడుక్కోవడానికి మంచినీళ్ళు మనమే ఏర్పాటు చేయాలి. కంట్లో పడితే నలపకుండా వెంటనే శుభ్రమైన నీళ్ళతో చాలాసేపు కడిగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

పని అయ్యాక నాలుగైదు బస్తాలు మిగలడం మామూలే. ప్రహరీ గోడకో, సెప్టిక్ ట్యాంకు పనికో ఉంటాయని ఏడాది దాకా దాచొద్దు. విప్పని బస్తాలైతే నెలలోపు వాడేయండి, లేదా కట్టుకుంటున్న ఇంకెవరికైనా ఇచ్చేయండి. విప్పిన బస్తాను ప్లాస్టిక్ కవర్లో గట్టిగా మూతికట్టి, వారం పది రోజుల్లో గోడ అతుకులకో, నేల చదునుకో వాడేస్తే సరి. దాన్ని లింటెల్‌కు గానీ సన్‌షేడ్‌కు గానీ వాడొద్దు.